దాచాలా, తొక్కి నడపాలా? విలువైన మజిల్ కార్ల గురించి

(డెట్రాయిట్ శివార్లలో పాత కార్లంటే ఇష్టపడే తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో సగంమంది పగలంతా బ్రేకులు, బ్యాటరీలు, ఇంజను కంట్రోలర్ల మీద పనిచేసి వచ్చినవాళ్లే. ఇంజను ఎలా పనిచేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. మజిల్ కారు సంగతి మాత్రం నాలుగు మాటల్లో చెప్పి అసలు విషయంలోకి వెళతాను. 1964 మోడల్‌గా పాంటియాక్ వాళ్లు మధ్యరకం టెంపెస్ట్ బండిలో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద వీ8 ఇంజను దించి జీటీఓ పేరుతో అమ్మారు. అక్కణ్ణుంచి కంపెనీల మధ్య పోటీ మొదలైంది. 1970 కల్లా షెవర్లే షెవెల్‌లో 454 ఇంజను, ఎల్‌ఎస్6 రకం, 450 హార్స్‌పవర్‌తో వచ్చింది. ప్లిమత్ వాళ్ల 'కూడా' (Cuda) అనే కారులో హెమీ అనే 426 ఇంజను, 425 హార్స్‌పవర్. ఆ తర్వాత కాలుష్య నియమాలు, ఇన్సూరెన్స్ రేట్లు, చమురు సంక్షోభం ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ పోటీని ఆపేశాయి.

ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న వుడ్‌వర్డ్ అవెన్యూ మీద కుర్రాళ్లు సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పందేలు వేసిన కార్లివి. 2014లో 1971 మోడల్ హెమీ 'కూడా' కన్వర్టిబుల్ ఒకటి సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. 1969 కమారో జడ్‌ఎల్1 మొత్తం తయారైందే 69 కార్లు. అలాంటి బండి చేతికొచ్చినవాళ్లను రెండు భయాలు పట్టుకుంటాయి. నడిపితే పాడవుతుందేమో, నడపకపోతే కొని ఏం లాభం అని.

కారు మొత్తాన్ని ఒకే వస్తువు అనుకుని అడిగినంతకాలం ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒక్కో భాగాన్నీ విడిగా పట్టుకుని అడగాలి: ఇది పోతే మళ్లీ దొరుకుతుందా? దొరికేదైతే నిశ్చింతగా అరగదీయండి. దొరకనిదైతే విప్పి, చీటీ కట్టి, పొడిగా దాచండి. ఆ పని అయ్యాక బండి నడపండి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా ఏది దొరుకుతుంది, ఏది దొరకదు, ఎందుకు పాడవుతుంది అనే వివరమే.

దొరకనివాటిలో ముందు వరసలో ఉండేది ఇంజను బ్లాకు మీది నంబరు. 1968 మోడళ్ల నుంచి కారు విన్ నంబరులో, అంటే గుర్తింపు సంఖ్యలో, కొంత భాగాన్ని ఇంజను మీద, గేర్‌బాక్సు మీద కూడా కొట్టారు. ఆ అంకెలు కారు నంబరుతో సరిపోతేనే నంబర్స్ మ్యాచింగ్ అంటాం. అదే కారు, అదే రంగు, కానీ ఇంజను వేరేదైతే ధర బాగా పడిపోతుంది. షెవర్లే వీ8లో ఆ అంకెలు కుడిపక్క సిలిండర్ హెడ్డుకు ముందు, బ్లాకు పైతలానికి కొనసాగింపుగా ఉన్న చిన్న చదునైన చోట ఉంటాయి. అక్కడ ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నటి సమాంతర గీతలు కూడా ఉంటాయి. నంబరు అసలుదా, తర్వాత ఎవరైనా కొట్టిందా అని తేల్చేవాళ్లు అంకెలకంటే ముందు ఆ గీతలను చూస్తారు.

ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. ఇంజను రీబిల్డుకు మెషిన్ షాపుకు పంపితే, హెడ్డు సమంగా కూర్చోవాలని బ్లాకు పైతలాన్ని అంగుళంలో వెయ్యో వంతులు నాలుగైదు చెక్కడం వాళ్లకు మామూలు పని. కట్టరు ఆ ముందు చోటు మీదుగా ఒక్కసారి వెళ్లిందంటే నంబరూ పోతుంది, గీతలూ పోతాయి. షాపువాడు తప్పు చేసినట్టు కూడా కాదు. మీరు చెప్పలేదు, అంతే. అందుకే పని ఒప్పుకునే కాగితం మీదే 'నంబరు ఉన్న చోట కట్టరు తగలకూడదు' అని రాయించుకోండి, ముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. మోపార్ (అంటే క్రైస్లర్, ప్లిమత్, డాడ్జ్ కార్ల) బిగ్ బ్లాకుల్లో, అంటే పెద్దరకం ఇంజన్లలో, హెమీతో సహా, ఆ అంకెలు కింద ఆయిల్ ప్యాన్ అంచు దగ్గర ఉంటాయి కాబట్టి పైన చెక్కినా వాటికి ఏమీ కాదు. కాకపోతే అక్కడ చేరిన జిడ్డును వైరు బ్రష్షుతో గీకేవాళ్లున్నారు, అది చేయకండి. సాల్వెంట్‌లో తడిపిన గుడ్డ చాలు. తుడిచాక పల్చగా గ్రీజు రాసి వదిలేయండి.

బ్లాకుకు ఆయుష్షు కూడా ఒక లెక్క ప్రకారమే ఉంటుంది. ఇంజను బోరుకొచ్చిన ప్రతిసారీ సిలిండర్‌ను కొంచెం పెద్దది చేస్తాం. సాధారణంగా మొదట 0.030 అంగుళం, తర్వాత 0.060. దాని తర్వాత గోడ పలచబడి వేడెక్కడం మొదలవుతుంది, ఆపైన సిలిండర్ లోపల దించే ఇనుప గొట్టాలు, స్లీవులే గతి. అంటే అసలు బ్లాకుతో పందేలు వేయడమంటే మళ్లీ పుట్టని ఇనుమును ఖర్చుపెట్టడమే. కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు పక్క గోడలోంచి బయటికొస్తే ఆ లెక్క కూడా అక్కర్లేదు.

దీనికి అమెరికాలో అనుభవమున్నవాళ్లు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి రెండో ఇంజను. అసలుదాన్ని దించి స్టాండు మీద పెట్టి, దాని స్థానంలో అదే కుటుంబానికి చెందిన మరో బ్లాకుతో ఇంజను కట్టించి అదే రంగు వేసి బిగిస్తారు. 454 బ్లాకులు దశాబ్దాలపాటు తయారయ్యాయి కాబట్టి దొరకడం కష్టం కాదు. 426 హెమీకి కొత్తగా పోతపోసిన బ్లాకులు కూడా వచ్చాయి. బానెట్ ఎత్తి చూస్తే తేడా కనపడదు, తొక్కినప్పుడు గుండె దడా ఉండదు.

దించిన ఇంజనును ఎలా దాచాలో చాలామందికి తెలియదు. ఆయిల్, కూలెంట్ పూర్తిగా వంచేయాలి. బ్లాకు పక్కల డ్రెయిన్ ప్లగ్గులు కూడా తీస్తేనే నీళ్లు మొత్తం దిగుతాయి. స్పార్క్ ప్లగ్గు రంధ్రాల్లోంచి ఫాగింగ్ ఆయిల్ కొట్టి, ఇంజనును చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి, మళ్లీ కొట్టాలి. తర్వాత వాల్వులను నొక్కి తెరిచే రాకర్లు వదులు చేయాలి. ఇంజను ఎక్కడ ఆగినా కొన్ని వాల్వులు తెరిచే ఉంటాయి, తెరిచి ఉన్న సిలిండర్లోకి తడిగాలి వెళ్లి గోడకు తుప్పు పడుతుంది. రాకర్లు వదిలితే అన్నీ మూసుకుంటాయి, స్ప్రింగుల మీద భారమూ తగ్గుతుంది. ప్లగ్గుల స్థానంలో తేమ పీల్చే గింజలున్న ప్లగ్గులు పెట్టండి. నీలం రంగు గులాబీలోకి మారితే మార్చాలని అర్థం. చివర్లో తుప్పు నిరోధక ప్లాస్టిక్ షీటు చుట్టాలి. కార్బురేటర్లు, డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు, తేదీ సంకేతాలున్న చక్రాలు, ఇవన్నీ దాంతోపాటే పెట్టెల్లోకి పోవాలి. ముఖ్యంగా మ్యానిఫోల్డులు. కాగుతున్న పోత ఇనుము మీద నీళ్లు చిందితే చాలు, చిట్లిపోతుంది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. తాళం వేసి ఉంచితే కారు భద్రంగా ఉంటుందనుకోవడం తప్పు. నిలబెట్టిన కారు నెమ్మదిగా, చప్పుడు లేకుండా పాడవుతుంది. డాట్ 3 బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుని వీల్ సిలిండర్ల లోపల గుంటలు పెడుతుంది. క్రాంక్ వెనక సీలు, గేర్‌బాక్సు సీళ్లు ఎండి బిగుసుకుంటాయి. క్రైస్లర్ వాళ్ల టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో కన్వర్టర్లోని ఆయిల్ మెల్లగా కిందికి దిగి, ప్యాన్‌లో మట్టం పెరిగి, షిఫ్ట్ షాఫ్ట్ సీలు దగ్గర కారుతుంది. ఇక పెట్రోలు సంగతి. ఇక్కడి బంకుల్లో దొరికేదాంట్లో 10 శాతం ఇథనాల్. అది నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు అర శాతం దాటాయంటే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు చేరతాయి. ట్యాంకు తుప్పు మొదలయ్యేది అక్కడే. 1970 నాటి రబ్బరు గొట్టాలు, కార్బురేటర్లోని యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కు ఉబ్బి, పగిలి, వేడి మ్యానిఫోల్డు మీద పెట్రోలు చుక్కలు వేస్తాయి. కార్లు తగలబడేది ఎక్కువగా ఇలాంటిచోటే. పాత గొట్టాలు చూడ్డానికి బాగున్నా సరే మార్చేయండి. ఇథనాల్‌ను తట్టుకునే రకం ఫ్యూయల్ హోసు గజం కొన్ని డాలర్లే. ఇండియాలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది కాబట్టి విజయవాడలోనో వరంగల్‌లోనో నాన్నగారి పాత అంబాసిడర్ ఉన్నవాళ్లు ఈ మాట ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

చలికాలంలో వారానికోసారి గ్యారేజీలో పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. పది నిమిషాల్లో కూలెంట్ వేడెక్కుతుంది కానీ ఆయిల్ వేడెక్కదు. ఆ ఆవిరి ఆయిల్లో, సైలెన్సర్లో నీరై కూర్చుంటుంది. ఇంకో నష్టం కామ్‌షాఫ్ట్‌కు. ఈ ఇంజన్లలో ఉండేవి ఫ్లాట్ ట్యాపెట్లు, అంటే కామ్ గుబ్బల మీద రాసుకుంటూ వాల్వులను కదిపే చదునైన ముక్కలు. కామ్ మీద నూనె పడేది ప్రధానంగా క్రాంక్ తిరుగుతూ చిమ్మే తుంపర వల్ల. ఐడిల్‌లో ఆ తుంపర చాలదు. స్టార్ట్ చేస్తే రోడ్డెక్కాలి. ఆయిల్ 180 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి కనీసం 20 నిమిషాలు ఉండాలి. అంటే పాతిక ముప్ఫై కిలోమీటర్లు తిప్పాలి. నెలకోసారి అలా తిప్పితే చాలు. రోడ్ల మీద ఉప్పు ఉన్న నెలల్లో అసలు ముట్టుకోకండి. ఏప్రిల్‌లో నాలుగు గట్టి వానలు పడి ఉప్పు కొట్టుకుపోయాకే బయటికి తీయండి.

ఆయిల్ కూడా చూసి కొనాలి. ఫ్లాట్ ట్యాపెట్లను కాపాడేది జింక్, ఫాస్ఫరస్ కలిసిన జడ్‌డీడీపీ అనే పదార్థం. అది క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తుందని 2004 తర్వాతి ప్రమాణాల్లో పలుచటి గ్రేడు ఆయిళ్లకు ఫాస్ఫరస్‌ను 800 పీపీఎంకు కట్టడి చేశారు. మనకు 1,000 నుంచి 1,200 కావాలి. డబ్బా మీద ఫ్లాట్ ట్యాపెట్ క్లాసిక్ కార్ల కోసం అని స్పష్టంగా ఉన్నదే పోయండి. మామూలు కొత్తకారు ఆయిల్ పోసి గట్టిగా తిప్పితే కామ్ మీది గుబ్బలు అరిగి, ఆ ఇనుప రజను బేరింగుల్లోకి పోతుంది. ఒక కామ్ పోయిందంటే ఇంజను మొత్తం విప్పాల్సిందే.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన కారును లేపేటప్పుడు తొందర పనికిరాదు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. క్రాంక్ బోల్టు మీద పొడవు రెంచి పెట్టి చేత్తో తిప్పండి. బిగుసుకుంటే బలవంతం చేయకండి. పాత పెట్రోలు మొత్తం తీసి, ఆయిల్, ఫిల్టరు మార్చి, డిస్ట్రిబ్యూటర్ పైకి లాగి, ఆ రంధ్రంలోంచి ప్రైమింగ్ రాడ్డు దింపి డ్రిల్లుతో ఆయిల్ పంపును తిప్పాలి. షెవర్లేకు గడియారం ముల్లు తిరిగే వైపు, మోపార్ బిగ్ బ్లాకుకు దానికి ఎదురువైపు. షెవర్లేలో డిస్ట్రిబ్యూటర్ కింది భాగమే ఒకపక్క ఆయిల్ దారికి మూతగా పనిచేస్తుంది. అందుకే కాలర్ ఉన్న రాడ్డే వాడాలి. ఉత్త రాడ్డుతో తిప్పితే ఆయిల్ ఆ సందులోంచే పోతుంది, పైన రాకర్లకు అందదు. గేజిలో ప్రెషర్ చూసి ఆగిపోకండి. క్రాంకును మధ్యమధ్యలో పావు చుట్టు తిప్పుతూ, రాకర్ల దగ్గర ఆయిల్ కనపడేవరకు తిప్పాలి.

ఇక గట్టిగా నడపడం. వేడెక్కిన ఇంజనును మూడో గేర్లో పూర్తిగా తొక్కడం వల్ల ఏమీ కాదు, అది అందుకే పుట్టింది. నష్టం జరిగేది కొన్ని క్షణాల్లో: చల్లగా ఉన్నప్పుడు రేజ్ చేయడం, గేరు తప్పి ఇంజను హద్దు దాటి తిరగడం, నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం), వెనక ఇరుసు ఎగిరెగిరి పడడం. గేరు తప్పడానికి మందు రెవ్ లిమిటర్. బయటికి కనపడకుండా దాచగలిగేవి దొరుకుతాయి, 6,000 దగ్గర పెట్టండి.

నాకింగ్ కథ పెట్రోలుది. ఎల్‌ఎస్6 కంప్రెషన్, అంటే సిలిండర్లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి, 11.25కి 1. అప్పట్లో బంకులో దొరికిన హై ఆక్టేన్ పెట్రోలును నమ్ముకుని కట్టిన ఇంజను అది. ఇప్పుడు ఇక్కడ బంకులో దొరికే మంచి పెట్రోలు 91 నుంచి 93 ఆక్టేన్. ఆ తేడాతో పూర్తి థ్రాటిల్ తొక్కితే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి. ఓపెన్ ఎగ్జాస్ట్ హోరులో నాకింగ్ చప్పుడు మీకు వినపడదు కూడా. ప్లగ్గు తీసి తెల్ల పింగాణీని భూతద్దంతో చూడండి. మిరియాల పొడిలా నల్లటి చుక్కలుంటే నాకింగ్ జరుగుతున్నట్టే, మెరిసే చుక్కలుంటే అది కరిగిన పిస్టన్ అల్యూమినియం. 93 పెట్రోలులో 110 రేస్ పెట్రోలు సగానికి సగం కలిపితే సుమారు 101 వస్తుంది. రెండో ఇంజను కట్టించుకుంటున్నవాళ్లు పిస్టన్లు మార్చి కంప్రెషన్ 9.5 దగ్గర పెట్టించుకుంటే ఈ బాధే ఉండదు. ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు గట్టి ఇనుమువి వేయించడం కూడా అప్పుడే కానివ్వండి. సీసం లేని పెట్రోలుతో గట్టిగా నడిపితే పాత సీట్లు లోపలికి అరుగుతాయి.

టైర్ల విషయంలో చాలామందికి వింతగా అనిపించే సంగతి ఒకటుంది. ఆనాటి ఎఫ్70-14 లాంటి సన్నటి బయాస్ టైర్లకు, అంటే లోపలి పొరలు ఏటవాలుగా వేసిన పాతరకం టైర్లకు, పట్టు తక్కువ. తొక్కగానే జారి తిరుగుతాయి. అలా జారడమే క్లచ్‌నూ, గేర్లనూ, ఇరుసులనూ కాపాడుతుంది. మన ఇంట్లో ఫ్యూజు ఎగిరి ఫ్రిజ్‌ను కాపాడినట్టు. రోడ్డుకు అంటుకునే పందెపు టైర్లు, డ్రాగ్ స్లిక్కులు, వేశారంటే ఆ బలమంతా జారకుండా నేరుగా గేర్‌బాక్సు పళ్ల మీదికి, యాక్సిల్ షాఫ్టుల మీదికి, బాడీ అతుకుల మీదికి వెళుతుంది. మన రాష్ట్రంలోనే స్టాంటన్‌లో ప్యూర్ స్టాక్ డ్రాగ్ పందేలు, అంటే పావు మైలు తిన్నగా పరుగెత్తే పందేలు, జరుగుతాయి. ఫ్యాక్టరీ కొలతల టైర్లతో, ఫ్యాక్టరీ రకం ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులతో పరుగెత్తాలి. ఆ నియమాల వల్లే అక్కడ ఖరీదైన కార్లు పావు మైలు పూర్తిగా తొక్కి, సాయంత్రం సొంత చక్రాల మీద ఇంటికి వెళ్లగలుగుతున్నాయి. ఒకసారి చూసి రండి, మాటల్లో చెప్పడం కంటే అది మేలు. అయితే ఇరుసు ఎగరడం మొదలైతే ఆ క్షణమే కాలు తీసేయాలి. విరగడం అక్కడే జరుగుతుంది.

బయాస్ రకం కావాలంటే కొత్తగా తయారైన పునరుత్పత్తి టైర్లు కొనండి. 1970 నాటి అసలు పాలీగ్లాస్ టైర్లు ప్రదర్శనకే. టైరు లోపలి పొర ఊడి 110 కిలోమీటర్ల వేగంలో చక్రం గూట్లో కొట్టుకుంటే, పోయేది టైరు ఒక్కటే కాదు, వెనక చక్రం పైనుండే బాడీ రేకు, అంటే అసలు క్వార్టర్ ప్యానెల్, దాని మీది అసలు పెయింటు కూడా. కొత్త టైర్లయినా పక్కన ఉన్న నాలుగంకెల తేదీ చూడండి: మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గట్టిగా నడిపేవాళ్లు ఆరేళ్లు దాటితే మార్చేయాలి. ఇంకొక జాగ్రత్త. ఆనాటి క్రైస్లర్ కార్లలో చాలావాటికి ఎడమపక్క చక్రాల నట్లు ఎదురు చుట్టువి. తెలియక ఎయిర్ గన్ పెట్టి స్టడ్డులు విరగ్గొట్టిన షాపులు లెక్కలేనన్ని.

ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ నెమ్మదైన ఊరేగింపే కదా, కారుకు హాయి అనుకుంటారు. నా దృష్టిలో పావు మైలు పరుగు కంటే అదే కష్టం. మండుటెండలో, గాలి ఆడకుండా, పెద్ద ఇంజను రెండు గంటలు పాకాలి. కార్బురేటర్లో పెట్రోలు ఉడుకుతుంది, బండి ఆగితే మళ్లీ అందుకోదు. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ లేకుండా, అరిగిన ఫ్యాన్ క్లచ్‌తో అక్కడికి వెళ్లకండి. సూది ఎక్కుతుంటే పక్కకు తీసి ఆపేయండి, రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు.

ఇంతవరకు చెప్పింది ఒకసారి విప్పి బాగుచేసిన కార్లకు. అసలు విప్పనివి, ఫ్యాక్టరీ పెయింటుతో, ఫ్యాక్టరీ బోల్టులతో అలాగే మిగిలినవి కొన్ని ఉన్నాయి. సర్వైవర్లంటాం. వాటి విషయంలో నా తీర్పు వేరు. వాటి అడుగున ఫ్యాక్టరీ కార్మికుడు గ్రీజు పెన్సిల్‌తో పెట్టిన గుర్తులు, ప్రైమర్ చిమ్మిన తీరు, సీటు స్ప్రింగుల్లో ఇరుక్కున్న బ్రాడ్‌కాస్ట్ షీటు (ఆ కారులో ఏమేం బిగించాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం) ఇంకా ఉంటాయి. మిగతా కార్లను సరిగ్గా బాగుచేయాలంటే మనం చదవాల్సింది వాటినే. ఒక్క ప్రెషర్ వాషర్ చాలు ఆ ఆధారమంతా కొట్టుకుపోవడానికి. అవి పందేలకు పోకూడదు. అలాగని కదలకుండా ఉండమనీ కాదు. ఫిలడెల్ఫియాలోని సిమియోన్ మ్యూజియం చూడండి. అక్కడున్న కోబ్రా డేటోనా కూపే సీఎస్‌ఎక్స్2287, అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టర్‌లో 2014లో నమోదైన మొదటి కారు. దాన్ని కొత్త పెయింటు వేసి మెరిపించకుండా ఉన్నదున్నట్టు ఉంచారు. ఆ మ్యూజియంవాళ్లు డెమో రోజులు పెట్టి వెనక స్థలంలో కార్లు నడిపి చూపిస్తారు. నాకు నచ్చే పద్ధతి అది.

ప్రశ్నలుంటే అడగండి.

సభలో ఒకరు: బాడీ బలంగా ఉండాలని కింద ముందు, వెనక ఫ్రేము ముక్కలను కలిపే కడ్డీలు, సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు, వేయించమంటున్నారండి. నాది 1970 చాలెంజర్, నాలుగు గేర్ల బండి. వేయించవచ్చా?

వేయించండి, కానీ వెల్డింగ్ వద్దు. బోల్టులతో బిగించే రకం తీసుకోండి. ఆ బండికి విడిగా ఫ్రేము లేదు, ఇంజను బలానికి బాడీయే మెలిపడుతుంది. రూఫు, క్వార్టర్ ప్యానెల్ కలిసే అతుకు దగ్గర పెయింటు సన్నగా చిట్లిందేమో చూడండి, మెలిక ముందు అక్కడే బయటపడుతుంది. ఏ మార్పు చేసినా, రేపు కొనేవాడు రెంచితో తీసేయగలగాలి. ఆ హద్దు దాటొద్దు.

మరొకరు: ఇన్సూరెన్స్ ఉంది కదా అని డ్రాగ్ స్ట్రిప్‌కు తీసుకెళ్లొచ్చా సర్?

పాలసీ మొత్తం చదివి వెళ్లండి. కలెక్టర్ కార్లకు ఇచ్చే అగ్రీడ్ వాల్యూ (కారు ధర ముందే ఒప్పుకుని రాసే) పాలసీలు సాధారణంగా టైము కొలిచే పందేలను మినహాయిస్తాయి. ట్రాక్ కోసం ఆ రోజుకు విడిగా పాలసీ తీసుకోవచ్చు. ధర కూడా రెండేళ్లకోసారి తిరగరాయించండి.

ఒక శ్రోత: బ్రేక్ ఫ్లూయిడ్ సిలికాన్‌ది పోస్తే తుప్పు రాదంటున్నారు, నిజమేనాండి?

నిజమే. డాట్ 5 తేమ పీల్చదు, పెయింటు మీద పడినా ఊడగొట్టదు. ఎక్కువకాలం నిలిపి ఉంచే కారుకు అదే మంచిది. కానీ పెడల్ కొంచెం మెత్తబడుతుంది, బుడగలు త్వరగా పోవు. గట్టిగా నడిపే డ్రమ్ బ్రేకుల బండికి డాట్ 3 లేదా 4 పోసి రెండేళ్లకోసారి మార్చండి. రెండూ కలపకూడదు. మార్చదలిస్తే పాతది చుక్క లేకుండా కడిగి, రబ్బర్లన్నీ కొత్తవి వేయించి, డాట్ 5 పోసేటప్పుడు డబ్బాను కుదపకుండా మెల్లగా వంచండి. మొట్టమొదట కుడివైపు వెనక చక్రం దగ్గర గాలి తీయండి.